గొడ్డలి పదునుకు కూలి ఎవరిస్తారు?



కార్డింగులో పని చేసినవారికి ఒక సంగతి చెప్పనక్కర లేదు. కార్డు తీగ మొన అరిగిందంటే స్లైవరులో నెప్సు పడతాయి. ఆ పైన డ్రాయింగు, సింప్లెక్సు, స్పిన్నింగు ఎంత జాగ్రత్తగా నడిపినా నూలు బాగుపడదు. అందుకే కార్డును ఆపి, గ్రైండింగు రోలరు వేసి మొన తెప్పిస్తారు. ఆ పనికి మనిషి ఉన్నాడు, అతనికి జీతం ఉంది. హరూర్ చుట్టుపక్కల గొడ్డలి పట్టి కట్టె కొట్టేవారికి ఈ లెక్క ఎందుకు వర్తించదని మేము అడుగుతున్నాము.

కట్టె సంగతి మనకెందుకని కొందరనవచ్చు. తిరుప్పూరు అద్దకం యూనిట్ల బాయిలర్లలో కట్టెలే కొండలుగా మండుతున్నాయి. మనం వడికిన నూలుకు రంగు పట్టేది ఆ మంట మీదనే. పైగా ధర్మపురి జిల్లా పల్లెల్లో ఒకే ఇంట ఒకరు నూలు దగ్గర, ఇంకొకరు కట్టె దగ్గర ఉండడం కొత్త కాదు.

కట్టె పనిలో చాలాచోట్ల కూలి టన్ను లెక్క. గొడ్డలి కూలివాడిదే, పిడి కూలివాడిదే, కొలిమి ఖర్చూ కూలివాడిదే.

గొడ్డలి అంచు ఎందుకు పోతుందో కమ్మరికి తెలుసు. గట్టిదనం మరీ ఎక్కువైన ఉక్కు గాజు వంటిది, సర్కారు తుమ్మ ముడి తగలగానే పెంకు లేస్తుంది. తక్కువైతే అంచు మడత పడుతుంది. రెండింటికీ మధ్య నిలపాలంటే ఎర్రగా కాగిన అంచును ముంచి చల్లార్చి, మళ్లీ సన్నని సెగ చూపి, ఉక్కు మీద గడ్డి రంగు దాటి ఊదా తిరిగే వేళకు ఆపాలి. పాత లారీ కమాను పట్టీ మంచి ఉక్కే, దానితో చేసిన గొడ్డళ్లూ మంచివే. కాని ఎవరు కాల్చారన్నదే అసలు సంగతి.

ఆ కమ్మరి పనితనమంతా ఎమరీ చక్రం దగ్గర అర నిమిషంలో పోతుంది. గట్టిగా అదిమితే అంచు నీలంగా మారుతుంది. నీలం తిరిగిందంటే అక్కడి ఉక్కు మెత్తబడినట్టే, ఎంత మెరిసినా ఒక పూట నిలవదు. చక్రం తప్ప గతి లేకపోతే తేలికగా ఆనించండి, మాటిమాటికీ నీళ్లలో ముంచండి. మేము మాత్రం ఆకురాయి, దాని తర్వాత నీళ్లు చల్లిన సానరాయి మంచివంటాము. రెండు వైపులా కలిపి 30 డిగ్రీల వాలు ఉంటే చాలు, కూరగాయల కత్తిలాగ పలచన చేస్తే విరిగిపోతుంది. అంచును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మొద్దుబారిన చోట తెల్లని గీత మెరుస్తుంది, పదునున్న చోట ఏమీ కనబడదు.

ఇదంతా సమయం తినే పని. రోజుకు అరగంట అనుకుందాము. 26 రోజులకు 13 గంటలు, అంటే మన లెక్కన ఒకటిన్నర షిఫ్టు దాటింది. ఆ గంటలకు పైసా రాదు గనుక కూలివాడు మొద్దు గొడ్డలితోనే కొడతాడు. మొద్దు గొడ్డలి కట్టెలో దిగదు, జారుతుంది. జారితే ముంగాలి మీదనే. మిల్లులో వేలు నలిగితే ఇ.ఎస్.ఐ. చీటీ ఉంది. కంట్రాక్టరు దగ్గర కట్టె కొట్టేవాడికి చీటీ ఏది?

అసలు ఈ ప్రాంతంలో గొడ్డలి పట్టినవాణ్ని కార్మికుడిగా చూడడమే తక్కువ. 1992 జూన్ 20న హరూర్ తాలూకా వాచాత్తి మీద అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది గంధపు చెక్కల పేరు చెప్పి పడ్డారు. ఊరిని ధ్వంసం చేసి, 18 మంది ఆడవారిని చెరిచారు. నిందితులు 269 మంది. 2011లో ధర్మపురి కోర్టు శిక్ష వేసేనాటికి 215 మందే బతికి ఉన్నారు. ఆ శిక్షలను మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది 2023లో. ఇక 2019 జులైలో కాంచీపురం, వేలూరు పక్క కట్టె డిపోల నుంచి అధికారులు 42 మంది వెట్టివారిని విడిపించారు. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976 నాటిది సుమా!

ముక్క లెక్కన కూలి ఇచ్చినా, రోజుకు కట్టిన కనీస వేతనం కన్నా తగ్గరాదని 1948 కనీస వేతనాల చట్టం నాటి నుంచే ఉంది. టన్ను రేటు కట్టేటప్పుడు పదును గంటలు కలపనివాడు ఆ లెక్కను తప్పించుకుంటున్నాడు. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు గడ్డపార పదును ఖర్చును కూలితో పాటు కట్టి ఇచ్చారు. గడ్డపారకు ఇచ్చినది గొడ్డలికి ఎందుకు రాదు?

తూకం చీటీలో టన్నుల పక్కన పదును కూలికి ఒక గడి ఉండాలి. కట్టె దించే చోట కంట్రాక్టరు ఖర్చుతో ఒక సానరాయి, ఒక ఆకురాయి, నీళ్ల తొట్టి ఉండాలి. బాయిలరు కట్టెకు ఆర్డరిచ్చే యాజమాన్యాల ముందు ఈ రెండూ పెట్టవలసింది మన సంఘమే, ఎందుకంటే కట్టె కొట్టేవారికి వాళ్ల గేటు దాకా వెళ్లే దారి లేదు, మనం రోజూ ఆ గేటులోనే కార్డు పంచి చేస్తున్నాము.