వంశచరిత్రకు సాక్ష్యము

వంశమును గూర్చి గొప్పలు చెప్పుకొనుట సులభము. దానిని రుజువు చేయుట కష్టము. అమెరికాలోని అబ్రహాం లింకను కుటుంబమే యిందుకు దృష్టాంతము. అధ్యక్షుడు కాక పూర్వము, 1859లో, లింకను తన జీవితమును సంగ్రహముగా వ్రాయుచు, న్యూ ఇంగ్లండునందలి లింకనులకును తమకును వ్యక్తుల పేళ్లలోని పోలిక తప్ప వేరు నిదర్శనము దొరకలేదని తెలిపెను.

తరువాతి పరిశోధకులు వీలునామాలను, భూమి దస్తావేజులను శోధించి ఆ సంబంధమును స్థాపించిరి. 1637లో ఇంగ్లండునుండి మసాచుసెట్సునకు వచ్చిన సామ్యూలు లింకనే ఈ శాఖకు మూలపురుషుడు. అతని సంతతివారు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాల మీదుగా కెంటకీ చేరిరి. అచ్చట భూమిహక్కుల చిక్కులు ముఖ్యకారణముగను, బానిసత్వము కొంత కారణముగను లింకను తండ్రి 1816లో ఇండియానాకు తరలిపోయెను. హక్కుపత్రములు సరిగా లేక నేల విడిచిన కుటుంబమునకు, పాతపత్రముల వలననే మూలము తేలినది!

వంశము తెలియకున్నను లింకను ఘనతకు లోటు రాలేదు. అయినను ఉన్న సాక్ష్యమును చెదలపాలు చేయుట తగదని మా యభిప్రాయము. పోలికను నమ్మక పత్రమును నమ్మవలెను. ఇంటి పెద్దలు జీవించి యుండగనే వారు చెప్పు పేళ్లను, ఊళ్లను, సంవత్సరములను మన బాలబాలికలు వ్రాసి యుంచుకొందురు గాక.