బండి నూనెకూ ఓ లెక్క ఉండాలి

గారెలు వేసిన నూనెలోనే పదిసార్లు వేయిస్తే ఏమవుతుంది? నల్లబడి కమురు కంపు కొడుతుంది. అలాంటిది పారబోస్తాం కదా! మరి ఇంట్లో బండి నూనె సంగతి ఎప్పుడైనా అడిగారా?

మావారు భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు సంతలకు గాజులూ రిబ్బన్లూ బండి మీద తీసుకెళ్తారు. "వచ్చే నెల మార్పిద్దాంలే" అంటూ నాలుగొందల దగ్గర వెనకాడాం. ఓ ఎండాకాలం మధ్యాహ్నం అడవి దారిలో ఇంజను పట్టేసింది. చూస్తే లోపల నూనె అడుగంటింది. పిస్టను మార్చి బోరు చేయించేసరికి ఏడు వేలు! రెండు వారాల సంతలూ పోయాయి. చీటీ కట్టడానికి నా చెవి దిద్దులు తాకట్టు పెట్టాను. అప్పట్నుంచీ ఆ లెక్క నాదే.

నేను తెలుసుకున్నవి ఇవీ:

* చిక్కటి నూనె అయితే మంచిదనుకోకండి. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని డబ్బా మీద ఉంటుంది. మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనానికి, రెండోది వేడెక్కాక ఉండేదానికి గుర్తు. బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే పోయించండి.

* గేర్ల బండిలో చాలావాటికి క్లచ్ కూడా ఆ నూనెలోనే మునిగి ఉంటుంది. కారు నూనె పోస్తే క్లచ్ జారొచ్చు. డబ్బా మీద "జాసో ఎంఏ" అని ఉందో లేదో చూడండి.

* ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకంలోనే ఉంటుంది. దుమ్ము రోడ్లు, బరువులు, మా 45 డిగ్రీల ఎండలు ఉన్నచోట కాస్త ముందే మార్పించడం మేలు. తక్కువ తిరిగినా ఏడాదికోసారి తప్పదు.

* ఆదివారం ఆదివారం బండిని చదునైన చోట నిటారుగా నిలబెట్టి, ఇంజను కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక పుల్ల తీసి చూడండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి.

* వానాకాలం వాగు దాటాక నూనె పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్ళు చేరినట్టే. బండి నడపకుండా మార్పించండి.

* తీసేసిన నూనె వాగులో, చేలో పోయొద్దు. మెకానిక్కుకే ఇచ్చేయండి.

పాల లెక్క రాసే క్యాలెండరు మీదే నేను బండి కిలోమీటర్లూ రాస్తున్నాను. మీరూ ఇవాళే రాసి పెట్టుకోండి. మన దిద్దులు మన చెవులకే ఉంటాయి!