మూసుకోవాల్సింది ఒకటి, మూసుకోకూడనిది ఇంకొకటి

మెట్రాలజీ ల్యాబ్‌లో ప్లగ్ గేజ్ పట్టుకోని మెకానికల్ వాడు ఉండడు. ఒక కొస ‘గో’, ఇంకో కొస ‘నో గో’. గో లోపలికి పోవాలి, నో గో పోవద్దు. రికార్డులో బొమ్మ గీసి, సంతకం పెట్టించుకుని, సెమిస్టర్ అయిపోగానే మర్చిపోతాం. వైవాలో “లిమిట్ గేజ్ ఎక్కడ వాడతారు?” అంటే అందరిదీ ఒకటే జవాబు: మాస్ ప్రొడక్షన్. నేనైతే పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ అని చెప్తా. అక్కడ గేజ్ మాట వినకపోతే పాడయ్యేది పార్టు ఒక్కటే కాదు, పేల్చినవాడి కన్ను కూడా పోవచ్చు.

మాది జైనూర్. మా దిక్కు తుపాకీ ముచ్చట వస్తే 1940 జోడేఘాట్, 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి గుర్తొస్తాయి. రెండు చోట్లా గోండులు గొట్టానికి ఎదురుగా నిలబడి పడిపోయారు. ఆ లెక్క మర్చిపొమ్మని నేను ఎవరికీ చెప్పను. కానీ తుపాకీకి వెనక కొస కూడా ఉంది. అక్కడ చెంప ఆనించే కానిస్టేబులో, హోంగార్డో ఇవ్వాళ మా ఊళ్ల నుంచే పోతున్నాడు. వాడికి ఏ రైఫిల్ ఇస్తే అది పట్టుకోవాలి. “దీని హెడ్‌స్పేస్ ఎప్పుడు చూశారు సార్?” అని అడిగే హోదా వాడికి ఉండదు. అందుకే అడగగలిగినవాళ్లం, అంటే గేజ్ అంటే ఏందో చదువుకున్న మనం, దీని గురించి కొంచెమన్నా తెలుసుకోవాలని నా వాదన.

హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్ట్ ముఖానికీ, తూటాను ముందుకు పోనీయకుండా ఆపే చోటుకీ మధ్య దూరం. .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. ఆ అంచే బ్యారెల్ వెనక ముఖానికి ఆనుకుని ఆగుతుంది. అంటే కొలవాల్సింది ఆ అంచు పట్టే సందు. కనీసం 0.064 అంగుళాలు, అంటే 1.63 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువుంటే బోల్ట్ మూసుకోదు, అదొక తలనొప్పి. ఎక్కువుంటేనే అసలు ప్రమాదం. మందు మండగానే ఇత్తడి గొట్టం గోడలు ఉబ్బి ఛాంబర్‌ను గట్టిగా పట్టుకుంటాయి. అడుగు భాగం మాత్రం సందు ఉన్నంత మేర వెనక్కి జరుగుతుంది. పట్టుకున్న గోడకూ జరిగిన అడుగుకూ మధ్య ఇత్తడి సాగుతుంది. మరీ సాగితే అక్కడే తెగుతుంది. అప్పుడు చదరపు అంగుళానికి 49 వేల పౌండ్ల దాకా పోయే ఒత్తిడి కొత్త దారి వెతుక్కుంటుంది. ఆ దారి పక్కనే మనిషి ముఖం ఉంటుంది.

ఇప్పుడు గేజ్ ఎంచుకునే సంగతి. అమెరికా కమర్షియల్ సెట్ తీసుకుంటే గో 0.064, నో గో 0.067, ఫీల్డ్ 0.070. బ్రిటిష్ మిలిటరీ లెక్కలో గో అదే 0.064, కానీ పక్కన పెట్టేయాల్సిన హద్దు 0.074. అంటే ఒకే రైఫిల్ ఒకరి చేతిలో ఫెయిల్, ఇంకొకరి చేతిలో పాస్. తేడా ఎంత? 0.067కీ 0.074కీ మధ్య 0.18 మిల్లీమీటర్లు, రెండు మూడు తలవెంట్రుకల మందం. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. 0.067 కొత్తగా ఛాంబర్ కోసేవాడి హద్దు, అదే ఇత్తడిని మళ్లీ మళ్లీ నింపి కాల్చేవాడికీ అదే మంచిది. 0.074 సైన్యం పెట్టుకున్న హద్దు. కొత్త తూటా ఒక్కసారే కాలుతుంది, ఆ మాత్రం సాగుడు తట్టుకుంటుంది, యుద్ధంలో పనికొచ్చే రైఫిల్‌ను ఊరికే పారేయొద్దు అన్న లెక్క అది. గేజ్ కొనడమంటే ఉక్కు ముక్క కొనడం కాదు, ఎవరో ముందే తీసుకున్న నిర్ణయాన్ని కొనడం. “నో గో మూసుకుంది, స్క్రాప్ చెయ్” అనేవాడిని నేను మొదట అడిగేది: ఏ నో గో?

నన్నడిగితే ఒక్క జత సరిపోదు. 0.064, 0.067, 0.070, 0.074 నాలుగూ ఉండాలి. పోయిన ఏడాది 0.067 మీద ఆగిన బోల్ట్ ఈ ఏడాది 0.070 మీద కూడా మూసుకుంటే, రూల్ ప్రకారం ఇంకా పాసే. కానీ ఆ రైఫిల్ అరుగుతోందని తెలిసిపోతుంది. పాస్, ఫెయిల్ అని రెండే గడులున్న రిజిస్టర్‌లో ఈ ముచ్చట ఎన్నటికీ ఎక్కదు.

ఇంకో తిరకాసు ఉంది. కలకత్తా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీ .303 రైఫిళ్లు చేసిచేసి, 1960ల్లో అదే రూపంలో 7.62 తూటాకు 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చేసింది. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. మ్యాగజైన్ చూస్తేగానీ తేడా తెలియదు. 7.62 తూటాకు పొడుచుకొచ్చే అంచు లేదు, అది భుజం మీద ఆగుతుంది. కాబట్టి .303 గేజ్ అక్కడ చెప్పేది ఏమీ లేదు. ముందు బ్యారెల్ మీద, బాడీ మీద ముద్రలు చదవాలి, తర్వాతే గేజ్ పెట్టె తెరవాలి.

వాడే పద్ధతి చిన్నదే, ఓపికే కావాలి. తూటా లేదని రెండుసార్లు చూసుకోవాలి. ఛాంబర్, బోల్ట్ ముఖం నూనె, మసి లేకుండా తుడవాలి. ఎక్స్‌ట్రాక్టర్ తీసేయాలి, లేకపోతే దాని స్ప్రింగ్ నెట్టుడును గేజ్ ఆగుడు అనుకుంటాం. తర్వాత బోల్ట్ పిడిని ఒక్క వేలితో దించాలి. దిగితే దిగినట్టు, ఆగితే ఆగినట్టు. ల్యాబ్‌లో మనవాళ్లు ప్లగ్ గేజ్‌ను గుద్ది దూర్చినట్టు ఇక్కడ బలం చూపిస్తే పని చెడుతుంది. బోల్ట్ తిరిగేటప్పుడు అది స్క్రూ లెక్క నొక్కుతుంది, చేతికి తెలియకుండానే కొలత మారిపోతుంది.

ఎన్ని గేజ్‌లున్నా, కోత్‌లో రైఫిళ్లు తుడిచేటప్పుడు బోల్ట్‌లు కలిసిపోతే అంతా వృథా. బోల్ట్ పిడి మీద నంబరు, రైఫిల్ బాడీ మీద నంబరు ఒకటే ఉండాలి. ఏ బోల్ట్‌ను ఏ రైఫిల్‌కు సరిపెట్టారో ఆ జతకే ఆ కొలత. నంబర్ 4 రైఫిల్‌కైతే 0 నుంచి 3 దాకా సైజుల వారీగా బోల్ట్ హెడ్‌లు ఉండేవి, పెద్దది మార్చి సందు తగ్గించొచ్చు. మన దేశంలో ఎక్కువ చేసిన పాత నంబర్ 1 రకానికి ఆ సౌకర్యం లేదు. ఆర్మరర్ ఒక్కో హెడ్ పెట్టి చూసుకోవాల్సిందే.

“ఇంకా ఎక్కడ ఉన్నయ్ రా అవి?” అని మా రూమ్మేట్ నవ్విండు. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో. అంతకు ముందు ఏడాది ఆగస్టులో బీహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో గౌరవ వందనానికి ఎత్తిన 22 రైఫిళ్లలో ఒక్కటీ పేలలేదు. దేశమంతా నవ్వింది. పేలకపోతే నవ్వులపాటు, అంతే. పేలి వెనక్కి వస్తే? దానికి వీడియో కూడా ఉండదు, ఏదో జిల్లా ఆసుపత్రిలో ఒక కేసు షీటు ఉంటుంది.

ఎన్‌సీసీలో మన చేతికొచ్చే డ్రిల్ రైఫిళ్ల మీద ‘డీపీ’ అని ముద్ర ఉంటే చూడండి. డ్రిల్ పర్పస్ అని అర్థం. కాల్చడానికి పనికిరాదని తేల్చి కవాతుకు ఇచ్చినది. అలాంటిదాని మీద నాలుగు గేజ్‌లూ చక్కగా పాస్ కావచ్చు కూడా, ఎందుకంటే గేజ్ కొలిచేది అంచు సందు ఒక్కటే. ఛాంబర్‌కు చిల్లు పొడిచారా, ఉక్కు పగిలిందా అన్నది దానికి తెలియదు. ముద్ర ముందు, గేజ్ తర్వాత.