బొగద స్టేషను చెప్పే సంగతి



నంద్యాల నుండి గిద్దలూరుకు పోయే దారిలో, నల్లమల అడవి నడుమ, బొగద అను చిన్న రైల్వే స్టేషను ఉండెడిది. బొగద అనగా సొరంగము. మీటరు గేజి బండ్లు అక్కడి సొరంగము దూరి, దొరబావి అను లోయను ఎత్తయిన ఇనుప వంతెనపై దాటెడివి. 1990లలో పెద్ద లైను వేసినప్పుడు దారి మార్చి కొత్త సొరంగము తొలిచారు. పాత స్టేషను పాడుబడింది. వంతెన ఇనుము విప్పుకొని పోగా రాతి స్తంభాలు మిగిలాయి.

ఇంత అడవిలో, ఇన్ని కొండలు తొలిచి రైలు ఎందుకు వేశారు? దానికి కారణము ఆకలి.

1876–78లో వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు సీమలు అల్లాడిపోయాయి. అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న మన చిత్తూరు ప్రాంతము కూడ తప్పించుకోలేదు. మద్రాసు రేవుకు ఓడలలో బియ్యము వచ్చింది. రైలు ఉన్నంత మేర అది లోపలికి చేరింది. రైలు లేనిచోట ఎడ్లబండ్లే దిక్కు. మేత లేక ఎడ్లే చచ్చిపోతుంటే బండి ఎవరు లాగుతారు?

కరువు తీరాక, 1880లో కరువు కమిషను ఇటువంటి మెట్టసీమలకు రైళ్ళు వేయాలని గట్టిగా చెప్పింది. ఆ దశాబ్దములోనే సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు వైపు నుండి కృష్ణా తీరము దిక్కుగా నల్లమల గుండా పట్టాలు పరిచింది. కూలి కొరకు వచ్చినవారు ఎందరో ఆ రాళ్ళు మోశారు.

అయితే ఒక మాట మరువకూడదు. అదే కరువులో రైలు ఉన్న ఊళ్ళలోను జనము చచ్చారు. ధర ఎక్కువ పలికే చోటికి ధాన్యము వెళ్ళిపోయింది. గింజలు కళ్ళ ముందు కదలిపోతున్నా కొనుటకు చేతిలో కాసు లేదు. దారి ఉంటే చాలదు, పేదవాని చేతికి కూలి కూడ అందాలి.

ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు ఈ సంగతి గ్రహించారు. 1877లో బకింగ్‌హామ్ కాలువ పనిలో సుమారు మూడు మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్న మాదిగ, మాల కుటుంబాలకు పని ఇచ్చి కూలి చెల్లించారు. తడ, సూళ్ళూరుపేటవారికి ఆ కాలువ తెలిసినదే.

నేడు శ్రీ సిటీ చుట్టు పెద్ద రోడ్లు, రైళ్ళు, ఫ్యాక్టరీలు ఉన్నాయి. సరుకు రాత్రింబగళ్ళు మన ఊళ్ళ ప్రక్కనే సాగిపోతుంది. కాని రోడ్డు ప్రక్క గుడిసెలో ఒంటరి ముసలమ్మ పొయ్యి వెలిగిందో లేదో లారీవానికి తెలియదు. ప్రక్క ఇంటివారికి తెలియాలి.

అమ్మలారా, మన సంఘాలలో పిడికెడు బియ్యము తీసి ఉంచే అలవాటు పాతదే. ఆ కుండను మరల పొయ్యి ప్రక్కన పెట్టండి. పిల్లలచేత ఆ పిడికెడు వేయించండి. ఎందుకని వారు అడిగితే బొగద కథ చెప్పండి.