నెలకు ముప్పై వేలు... చేతికెంత?

మైలవరం డ్యాం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కుర్రాడికి ఉద్యోగమొచ్చిందంటే అందరూ ముందడిగేది ‘జీతమెంత?’ అనే. పాతకాలంలో జవాబు తేలిక. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు మగ్గం మీద కూర్చున్నవాడికి చీరకింత అని మజూరీ. నేయని రోజు పైసా రాదు, ఆ బాధ వేరు. కానీ ఎంతొస్తుందో ముందే తెలిసేది.

ఇప్పుడో? ఆఫర్ లెటర్లో ‘సీటీసీ ఏడాదికి 3,60,000’ అని ఉంటుంది. జేజినాయన వేళ్ల మీద లెక్కేస్తాడు. ‘నెలకు ముప్పై వేలు! అబ్బీ, ఇంక చెల్లెలి ఫీజు నువ్వే కట్టు’ అంటాడు. తీరా ఒకటో తారీఖున బ్యాంకులో పడేది 22 వేలకు కాస్త తక్కువ. పిల్లోడు ఏమైనా దాస్తున్నాడా అని ఇంట్లో అనుమానం!

పాపం, వాడేం దాయలేదు. సీటీసీ అంటే జీతం కాదు, ఆ ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ముప్పై వేలలో బేసిక్ 15 వేలు అనుకోండి. అందులో 12 శాతం, అంటే 1,800 కంపెనీ కట్టే పీఎఫ్. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, సుమారు 720. ఆరోగ్య బీమాకు ఓ 500. పనితీరు చూసి ఏడాది చివర ఇచ్చే ‘వేరియబుల్ పే’ నెలకు 3 వేల చొప్పున. ఇవి పోగా 23,980. అందులోంచి మళ్లీ ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200. మిగిలేది 21,980.

పీఎఫ్ పోయిన డబ్బు కాదు, మనదే. గ్రాట్యుటీ సంగతే వేరు. మామూలుగా ఐదేళ్లు నిండితేనే ఇస్తారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే వస్తుంది. శాశ్వత ఉద్యోగంలో చేరి రెండేళ్లకు మానేసేవాడికి అది కాగితం మీది సొమ్మే. దాన్ని జీతంలో కలిపి చూపడం నాకైతే నచ్చదు. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచే పాత కిటుకు మాత్రం ఇక సాగదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, ఆ పై భాగాన్నీ వేతనంగానే లెక్కిస్తారు.

ఇంకో పొరపాటు, వేరియబుల్ పేని బోనస్ అనుకోవడం. చట్టం చెప్పే కనీస బోనస్ 8.33 శాతం, అర్హులకు అది హక్కు. వేరియబుల్ పే కంపెనీ షరతుల మీద ఆధారపడింది.

అందుకే సంతకం పెట్టేముందు ‘నెలకు చేతికెంత? వేరియబుల్ ఎప్పుడు, ఏ లెక్కన ఇస్తారు?’ అని అడగమనండి. సిమెంటు ఫ్యాక్టరీలోనో, సోలార్ ప్లాంట్‌లోనో కాంట్రాక్టరు కింద చేరితే ఇంకొకటి. పేస్లిప్పులో పీఎఫ్ కోత కనిపిస్తే సరిపోదు. యూఏఎన్ నంబరు తీసుకుని, పాస్‌బుక్‌లో జమైందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ తేలాకే చెల్లెలి ఫీజు మాట!