వైరు ఉంటే నామోషీ ఏంది?



పోస్టు కొంచెం పొడుగే. ఆఖరి దాకా చదివి, తిట్టాలనిపిస్తే తిట్టండి.

మేం పాతబస్తీలో, చాంద్రాయణగుట్ట దిక్కు ఒక రూములో ఆరుగురం ఉంటున్నాం. గోండు, కొలాం, కోయ పిల్లలం. కొందరం డిగ్రీ, కొందరం గ్రూప్స్ ప్రిపరేషన్. కొత్తగా వచ్చిన తమ్ముడొకడు వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని క్లాసు వింటుంటే మాలో ఒకరు "ఏందిరా, ఇంకా తాడు కట్టుకుని తిరుగుతున్నవా?" అన్నారు. అందరం నవ్వినం. వాడూ నవ్విండు.

వారం తిరగకముందే వాడు చార్మినార్ పోయి, బండి మీద ఫస్ట్ కాపీ ఇయర్‌బడ్స్ తొమ్మిది వందలకు తెచ్చుకున్నడు. అవి మెస్సు పైసలు. మూడు వారాలకు ఎడమ చెవిది పనిచేయడం ఆగిపోయింది. మళ్లీ పోతే ఆ జాగాలో బండి లేదు. బిల్లు లేదు, వారంటీ లేదు. మాకు చెప్పలేదు. రాత్రిపూట "ఆకలి లేదన్నా" అని పండుకునేటోడు. సంగతి తెలిసిననాడు వాడి మొహం చూడడానికి మాకే సిగ్గయింది.

అందుకే ఈ పోస్టు ముందుగాల మా మీదనే.

బ్లూటూత్ చెడ్డదని మేం అనడం లేదు. సౌలత్ ఉన్నమాట నిజం. కిక్కిరిసిన సిటీ బస్సులో వైరు పక్కోళ్ల బ్యాగుకు తట్టుకుని చెవిలోంచి ఊడొస్తది, దీనికి ఆ బాధ లేదు. ఫోను ప్లగ్గు దగ్గర చార్జింగులో పెట్టి, స్టవ్వు దగ్గర అన్నం వండుకుంటూ క్లాసు వినొచ్చు. దాని రేడియేషన్‌తో మెదడు పాడైతదని కొందరు ఫార్వర్డ్‌లు పంపుతున్నారు. బ్లూటూత్ సిగ్నల్ శక్తి ఫోను సిగ్నల్ కంటే చాలా తక్కువ. ఉత్తగ భయపెట్టుకోవడం ఎందుకు?

కానీ నష్టాలు కూడా లెక్క పెట్టాలె కదా. మా రూములో ఆరుగురికి రెండే ప్లగ్ పాయింట్లు. ఫోన్లకే కొట్లాట, దాని మీద ఈ డబ్బా ఒకటి. ఇయర్‌బడ్‌లో ఉండేది చిన్న లిథియం బ్యాటరీ. కొన్ని వందలసార్లు చార్జింగ్ అయ్యేసరికి దాని బలం తగ్గిపోతది. లోపల అతికించి ఉంటది కాబట్టి మార్చడం దాదాపు కుదరదు. మాటలో స్పీకర్ బాగానే ఉన్నా బ్యాటరీ పోయిందంటే మొత్తం చెత్తబుట్టకే. ఒక్కటి మోరీలో పడ్డా జత పోయినట్టే. ఆన్‌లైన్ క్లాసులో మనం మాట్లాడాల్సి వచ్చి దాని మైకు ఆన్ చేస్తే, చాలావాటిలో వినిపించే శబ్దం కూడా మసకబారుతుంది. ఇవన్నీ వైరుకు లేవు. నూటయాభై పెట్టి కొంటే చార్జింగ్ అడగదు, ఇమ్లీబన్‌లో బస్సెక్కి ఉట్నూరులో దిగేదాకా పాడుతనే ఉంటది. చాలా ఫోన్లలో ఎఫ్ఎం రేడియోకు ఆ వైరే ఏరియల్. నెట్టు అందని గూడెంలో కూడా ఆదిలాబాద్ ఆకాశవాణి తగిలే జాగా ఉంటే వినొచ్చు. బ్లూటూత్‌కు ఆ పని చాతకాదు.

మరి వైరు పాతదని ఎవరన్నరు? 2016లో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసింది. అదే ఏడాది ఎయిర్‌పాడ్స్ అమ్మకానికి పెట్టింది. తర్వాత ఎన్నో కంపెనీలు అదే బాట పట్టినయి. రంధ్రం తీసేయమని మనం అడిగినమా? అవసరం వాళ్లు పుట్టించిండ్రు, నామోషీ మనం పుట్టించుకున్నం.

"అంటే మనోళ్లు ఎప్పుడూ పాత సామాన్లతోనే బతకాల్నా? మంచివి పెట్టుకోవద్దా?" అని ఒక అన్న అడిగిండు. పెట్టుకోండి అన్నా. సంపాదించినోళ్లు బిల్లు, వారంటీ ఉన్న మంచి జత కొనుక్కోండి, మేం కూడా రేపు కొంటం. కానీ ఎదుటోడి చెవి చూసి వాడి విలువ కట్టొద్దు. మనం మొదట సిటీకి వచ్చినప్పుడు మన మాట విని, మన యాస విని నవ్విండ్రు కదా. ఆ నవ్వు ఎంత మండిందో యాదికి ఉన్నది కదా. గదే నవ్వును మన తమ్ముడి మీదకే తిప్పినం. ఇంతకంటే తప్పు ఏముంటది?

ఇంకో మాట, వైరుకైనా బ్లూటూత్‌కైనా ఒకటే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేందంటే 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. మదీనా సర్కిల్ ట్రాఫిక్‌లో హారన్లను మించి వినాలని సౌండ్ పెంచితే చెవులు దెబ్బతింటయి. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. రోడ్డు దాటేటప్పుడు, బైకు మీద డెలివరీకి పోయేటప్పుడు రెండు చెవులూ మూయకండి. వెనక వచ్చే లారీ మన పాట అయిపోయేదాకా ఆగదు.

ఊర్లో రాయిసెంటర్ కూర్చున్నట్టు మేం ఆరుగురం కూర్చున్నం. తప్పు ఒప్పుకున్నం. తలా ఇంత వేసి తమ్ముడి మెస్సు పైసలు కట్టినం, ఒక మంచి వైరు ఇయర్‌ఫోన్ కొనిచ్చినం. ఇగ నుంచి ఎవరి ఫోను, ఎవరి చెప్పులు, ఎవరి చెవులు చూసి కూడా ఈ రూములో జోకు వేయొద్దని కట్టుబాటు పెట్టుకున్నం.

నిన్న రాత్రి వాడు ఆ వైరు పెట్టుకుని గోండి పాట వింటున్నడు. ఒక బుడిపె తీసి పక్కోడి చెవిలో పెట్టిండు. రెండు చెవుల మధ్య ఆ తాడు ఉండబట్టి ఇద్దరూ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

మీ హాస్టళ్లలో, మీ రూముల్లో గూడ ఈ ముచ్చట తీయండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒక్కసారి "తిన్నవా?" అని అడగండి.

జై ఆదివాసీ.