మన ముఖం మన రంగులోనే ఉండాలి

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే చాలామందిమి 'కష్టపడి చదవండి' అని రాస్తాం. ఆ మాట వార్డెన్ సారు రోజూ చెప్తూనే ఉంటారు కాబట్టి నేను వేరే సంగతి రాస్తున్నాను. నాలుగేళ్లుగా రామన్నపేట చుట్టుపక్కల పెండ్లిళ్లు, బతుకమ్మ, పీర్ల పండుగ, అంబేద్కర్ జయంతి, స్కూళ్ల వీడ్కోలు సభలు ఫొటోలు తీస్తున్నాను. ఇది నా వృత్తి కాదు, చదువు మధ్యలో పట్టుకున్న ఇష్టం. ఈ తిరుగుడులో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఫొటోల్లో మన ముఖాలను తెల్లగా చేయడం మానెయ్యాలి. అది మన హాస్టల్ నుంచే మొదలు కావాలి.

ఇదీ ఒక సమస్యేనా అని కొందరికి అనిపించవచ్చు. స్కాలర్‌షిప్పులు సమయానికి రాక పిల్లలు అవస్థ పడుతుంటే నువ్వు ముఖం రంగు గురించి మాట్లాడుతున్నావా అని ఒక మిత్రుడు అడిగాడు కూడా. వాడికి మా తాత ఫొటో సంగతి చెప్పాను.

మా తాత బతికినన్ని రోజులు ఫొటో దిగలేదు. ఓటరు కార్డు మీద అగ్గిపెట్టెలో సగమంత బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆయన పోయాక దినాలకని దాన్ని పెద్దది చేయించారు. స్టూడియోలో ఆయనకు కోటు తొడిగారు, టై కట్టారు, వెనక నీలం తెర పెట్టారు, ముఖాన్ని తెలుపు చేశారు. జీవితమంతా ఒకరి చెలకల్లో ఎండకు ఎండిన మనిషి ఆయన. ఫొటో గోడకు తగిలించాక మా నాయనమ్మ చాలాసేపు చూసి, "గీయన ఎవరు బిడ్డా?" అన్నది. ఎవరమూ నవ్వలేదు. ఆ స్టూడియో పేరు ఇక్కడ అనవసరం. ఏ మండల కేంద్రానికి పోయినా అట్లాగే చేసి ఇస్తారు, పైగా శ్రద్ధగా చేసి ఇస్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తరం వెనక రాసిపెట్టిన కాగితం ఏదీ లేదు. పట్టా లేదు, ఉత్తరం లేదు, సర్టిఫికెట్టు లేదు. ఉన్నది ఆ ఒక్క బొమ్మ. అదీ ఆయనది కాకుండా పోయింది.

ఫొటో మన ప్రాంతానికి కొత్తదేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ ఉండేవారు. 1844లో పుట్టి 1905లో చనిపోయిన ఆయన దేశంలోనే పేరుమోసిన ఛాయాచిత్రకారుడు. సికింద్రాబాదులో ఆయనకు స్టూడియో ఉండేది. దేవిడీలు, దర్బార్లు, వేటలు, నగలు పెట్టుకున్న దొరసానులు అన్నీ ఆ కాలానివి మనకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ దేవిడీలకు రాళ్లు మోసినవాళ్ల ముఖాలు మాత్రం వెతికి పట్టుకోవాలి. 1940లలో తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో సునీల్ జానా ఇక్కడికి వచ్చి మామూలు జనాన్ని తీశారు. తర్వాత మన వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ ఏండ్ల తరబడి తెలంగాణ పల్లెల్ని, ఇంటి తలుపుల్ని, ఆడవాళ్లని, బతుకమ్మని తీశారు. 2022లో ఆయన చనిపోయారు. ఆయన ఫొటోల్లో ఆడవాళ్లు ఉన్న రంగులోనే ఉంటారు. ముఖం మీది ముడతలు, పచ్చబొట్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ అనే ఆయన బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వం మీద పోరాడాడు. 19వ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువసార్లు ఫొటో దిగిన మనిషి ఆయనే అంటారు. 160 దాకా వేర్వేరు చిత్రాలు దొరికాయి. ఆయనకు సోకు ఎక్కువై దిగలేదు. నల్లవాళ్ల ముఖాలను పత్రికల్లో వెక్కిరింతగా గీస్తున్న రోజుల్లో, నిజంగా ఎట్లా ఉంటామో చూడండి అని కెమెరా ముందు నిలబడ్డాడు.

ఇక యంత్రం సంగతి. కెమెరాకు కులం లేదు, రంగు లేదు, ఉన్నది ఉన్నట్టు తీస్తుంది అని మనం అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. రంగుల ఫిల్ము కాలంలో కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక తెల్లజాతి మహిళ ఫొటో కార్డును పంపేది. 'షర్లీ కార్డు' అనేవారు. ప్రింటులో రంగులు కుదిరాయా లేదా అన్నది ఆమె చర్మాన్ని చూసి తేల్చేవారు. తెల్లపిల్లలు, నల్లపిల్లలు కలిసి కూర్చున్న తరగతి ఫొటోలో నల్లపిల్లలవి కండ్లు, పండ్లు తప్ప ఏమీ కనపడేవి కావు. తల్లిదండ్రులు మొత్తుకున్నారు. కెనడాకు చెందిన లోర్నా రోత్ అనే పరిశోధకురాలు ఈ చరిత్రను 2009లో ప్రచురించారు. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఫిల్మును మార్చేలా కంపెనీని గట్టిగా కదిలించింది ఆ తల్లుల బాధ కాదట. తమ సరుకులోని గోధుమరంగు తేడాలు ఫొటోలో రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు ఫిర్యాదు చేశాయట! 1990లలో గానీ వేర్వేరు రంగుల మనుషులున్న కార్డులు రాలేదు. మన ఇండ్లల్లో పాత ఆల్బమ్‌లు తీసి చూడండి. పెండ్లి పందిట్లో నాన్న ముఖం బొగ్గులా, బల్బు మాత్రం నిగనిగలాడుతూ ఎందుకుందో తెలుస్తుంది.

డిజిటల్ వచ్చాక ఫిల్ము పోయింది గానీ చిక్కు పూర్తిగా పోలేదు. నేను చదివేది భౌతికశాస్త్రం కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. కెమెరాలోని మామూలు మీటరు మనిషిని గుర్తుపట్టి వెలుగు కొలవదు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే తన మీద పడిన వెలుగులో దాదాపు 18 శాతం తిరిగి పంపుతుందని అనుకుని లెక్క కడుతుంది. సున్నం వేసిన తెల్లగోడ ముందు నల్లటి పిల్లవాణ్ణి నిలబెడితే, వెలుగు ఎక్కువైందని కెమెరా తగ్గించేస్తుంది. గోడ బూడిదరంగుకు దిగుతుంది, పిల్లవాడి ముఖం చీకట్లో పడుతుంది. అప్పుడు ఫొటోగ్రాఫర్ ఏం చేస్తాడు? కంప్యూటర్లో ముఖం ఒక్కదాన్ని తెల్లగా రుద్దుతాడు. చేయవలసింది తీసేటప్పుడే వెలుగు ఒక మెట్టు పెంచడం, లేదా ముఖం మీదనే మీటరు పెట్టి కొలవడం. అదే నల్లటి ముఖం ఫ్రేము నిండా ఉంటే తిరకాసు. అప్పుడు కెమెరా అనవసరంగా వెలుగు పెంచి ముఖాన్ని బూడిద పూసినట్టు చేస్తుంది, కాబట్టి కాస్త తగ్గించాలి. వెలుగు సరిపెట్టడం వేరు, రంగు మార్చడం వేరు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

నా దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ కెనాన్ 1500డి. స్కాలర్‌షిప్పు బకాయి వచ్చినప్పుడు, పెండ్లిళ్లలో లైటు పట్టుకున్న కూలి కలిపి కొన్నాను. దానితో వచ్చిన 18-55 లెన్సు పగటిపూట బాగానే ఉంటుంది గానీ రాత్రి మండపంలో ఇబ్బంది పెడుతుంది. తర్వాత 50 ఎం.ఎం. 1.8 లెన్సు తెచ్చాను. ఆ చిన్న లెన్సు, పాతది జూమ్ చేసినప్పటి 5.6 కంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుగును లోపలికి తీసుకుంటుంది. ఒకసారి ఒక ఫుల్ ఫ్రేమ్ కెమెరాను, పెద్ద జూమ్ లెన్సును హైదరాబాదులో ఒక్కరోజుకు అద్దెకు తెచ్చి అదే పెండ్లిలో రెండింటితోనూ తీసి చూశాను. చీకటి మూలల్లో దానిదే పైచేయి, ఒప్పుకోవాలి. కానీ 5x7 సైజు ప్రింట్లు వేసి మా ఊళ్లో పదిమందికి చూపిస్తే ఏది ఏ కెమెరాదో ఎవరూ చెప్పలేకపోయారు. మెడ నొప్పి మాత్రం నాకు రెండు రోజులుంది. కాబట్టి తమ్ముళ్లూ, లక్షల కెమెరా లేదని ఆగకండి. మన చర్మానికి కావలసింది పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుగు. ఫ్లాష్ నేరుగా కొడితే నుదురు, ముక్కు జిడ్డు కారినట్టు మెరుస్తాయి. దాన్ని పైకప్పు మీదికి తిప్పండి. కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టి, రెండోవైపు థర్మకోల్ షీటు పట్టుకుంటే ఏ స్టూడియోకూ తీసిపోదు.

నేను తీసినవాటిలో నాకు చాలా ఇష్టమైనవి డప్పులు కాచేటప్పటివి. అంబేద్కర్ జయంతి ఊరేగింపుకు ముందు గడ్డి మంట వేసి తోలు బిగిసేదాకా డప్పును వెచ్చబెడతారు. సిర్రతో ఒక దెబ్బ, సిటికెన పుల్లతో ఒక దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటారు. మంట వెలుగు కింద నుంచి ముఖం మీద పడుతుంది. ఆ వెలుగులో నల్లటి చర్మం రాగిలా పలుకుతుంది. అక్కడ ఏ ఫ్లాషూ అక్కరలేదు, వేస్తే పాడవుతుంది. ఆ ఫొటోలు పెద్దగా ప్రింటు వేయించి ఇచ్చినప్పుడు ఒక మామ చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు. తెల్లగ చెయ్యలేదేందని ఆయన అడగలేదు.

అయితే అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా చెప్పాలి. నాకు పని నేర్పిన స్టూడియో అన్న అంటాడు: "నువ్వు ముచ్చట్లు బానే చెప్తవ్ తమ్మీ. పెండ్లిపిల్లను తెల్లగ చెయ్యకపోతే బాకీ పైసలు రావు. సంబంధాలకు పంపే ఫొటో అయితే పిల్ల తల్లే ఏడ్చుకుంట అడుగుతది." అది నిజమే. ఆ తల్లిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. రంగు చూసి కట్నం లెక్కగట్టే లోకంలో ఆమె తన బిడ్డ కోసం చేయగలిగింది చేస్తున్నది. క్రీము డబ్బా మీద 'ఫెయిర్' తీసి 2020లో 'గ్లో' అని పేరు మార్చారు గానీ డబ్బా అమ్మకం ఆగలేదు కదా! స్టూడియో అన్న ఇల్లు గడవాలి. కానీ మన హాస్టల్లో సంబంధాలు చూడటానికి ఎవరూ రారు. బాకీ పైసలు ఇచ్చే గిరాకీ లేడు. మరి మన గ్రూపు ఫొటోను ఎందుకు తెల్లగా చేయించుకుంటున్నాం? జయంతి ఫ్లెక్సీల్లో బాబాసాహెబ్ ముఖానికి గులాబీరంగు ఎందుకు పూస్తున్నాం? మనకు ఎక్కువగా దొరికేవి ఆయన నలుపు తెలుపు ఫొటోలే. ఆ రంగు ఎంచుకున్నది మనమే.

గార్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ 1942లో వాషింగ్టన్‌లోని ఒక ప్రభుత్వ భవనంలో నేల తుడిచే ఎల్లా వాట్సన్ అనే ఆమెను, జాతీయ జెండా ముందు చీపురుతో నిలబెట్టి ఫొటో తీశాడు. ప్రపంచమంతా చూసిన ఫొటో అది. దాన్ని చూశాకే నేను మన హాస్టల్ వంట అక్కను పొయ్యి దగ్గర, కిటికీ వెలుగులో తీశాను. మన పాత గ్రూపు ఫొటోల్లో వార్డెన్లు, అతిథులు, పిల్లలు అందరూ ఉన్నారు. వంటవాళ్లు, కామాటి ఒక్కదాంట్లోనూ లేరు. ఆ సమయానికి వాళ్లు అతిథుల అన్నం చూసుకుంటుంటారు. ఆ ఫొటో చూసి ఒక తమ్ముడు "అక్కా, నల్లగున్నవ్ గని మంచిగున్నవ్" అన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం మధ్యలోని ఆ 'గని' దగ్గర మనసు ఆగిపోయింది. అది వాడి తప్పు కాదు. ఆ మాట మనందరి నోట్లో ఉంది.

ఫోన్లు ఉన్న మిత్రులు ఒక పని చేయండి. కెమెరాలో 'బ్యూటీ' అని ఉంటే సున్నాకు దించండి. కొన్ని ఫోన్లలో మనం అడగకుండానే అది ముఖాన్ని నున్నగా, తెల్లగా చేస్తుంది. పెద్ద కంపెనీలకు కూడా ఇది ఆలస్యంగా తట్టింది. నల్లటి చర్మాన్ని సరిగ్గా తీస్తామని చెప్పుకుంటూ గూగుల్ తన ఫోన్లలో 'రియల్ టోన్' తెచ్చింది 2021లో.

ఈసారి హాస్టల్ గ్రూపు ఫొటో తీసే పని సంపాదక మిత్రులు నాకు అప్పగించారు. వార్షికోత్సవం తర్వాత వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు, కొత్తగా సున్నం వేసిన గోడ దగ్గర కాకుండా వేపచెట్టు నీడలో తీస్తాను. వంట అక్కలు, కామాటి అన్న, వాచ్‌మన్ తాత ముందు వరుసలో కుర్చీల్లో కూర్చుంటారు. ఆ రోజు టిఫిన్ ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. ప్రింటు వెనక ఎడమ నుంచి కుడికి అందరి పేర్లు, ఊర్లు రాసి వార్డెన్ సారు గదిలో ఒక కాపీ ఉంచుతాం. పూర్వ విద్యార్థులు తమ కాలపు గ్రూపు ఫొటోలు, ఇంట్లో అమ్మానాన్నల పాత ఫొటోలు ఉంటే తీసుకురండి. కాపీ తీసుకుని సాయంత్రానికి మీవి మీకు ఇచ్చేస్తాను. ఫ్రేములో ఉన్నవాటిని మాత్రం ఇంటి దగ్గర ఊడదీయకండి. పాత ఫొటో చెమ్మకు అద్దానికి అతుక్కుని ఉంటుంది, లాగితే ముఖం లేచివస్తుంది. ఫ్రేముతోనే తెండి, అద్దం మీది నుంచే కాపీ తీస్తాను.

— పూర్వ విద్యార్థి, పీజీ రెండో సంవత్సరం